ఎస్‌ఏసీడీ ప్లేయర్: ప్లగ్గు పెట్టే ముందు, పాట ఎగిరినప్పుడు

సెకండ్ హ్యాండ్‌లో ఎస్‌ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ, మామూలు సీడీ కంటే ఎక్కువ వివరంగా శబ్దం రాసిన డిస్కు) ప్లేయర్ కొన్నవాళ్లు ముందుగా దాని వెనక్కి తిప్పి వోల్టేజీ ఎంత రాసి ఉందో చదవాలి. జపాన్‌లో అమ్మడానికి చేసినవి 100 వోల్టులవి, అమెరికావి 120. వాటిని మన 230 వోల్టుల సాకెట్లో నేరుగా పెడితే ఫ్యూజుతో పోవడం అదృష్టం, చాలాసార్లు లోపలి ట్రాన్స్‌ఫార్మరే మాడిపోతుంది. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ (వోల్టేజీ తగ్గించేది) అడగండి. ప్లేయర్ తీసుకునేది 30, 40 వాట్లే అయితే 100 వీఏ (వోల్ట్-ఆంపియర్, దాని సామర్థ్యం) ఉన్నది సరిపోతుంది. కొన్ని మోడళ్లకు అడుగున రవాణా స్క్రూలు ఉంటాయి. అవి బిగించి ఉండగా ఆన్ చేస్తే లేజర్ కదల్లేదు. విప్పి దాచిపెట్టండి, ఇల్లు మారేటప్పుడు మళ్లీ కావాలి.

ఆంప్లిఫయర్ మీద మాత్రం పెట్టకండి, కింది వేడి పైకే వస్తుంది. పైన నాలుగు వేళ్ల ఖాళీ వదిలి, ఊగని బల్ల మీద సమంగా ఉంచండి.

కనెక్షన్ దగ్గర జరిగే పెద్ద తప్పు ఫోనో సాకెట్. అది గ్రామఫోన్ రికార్డుల కోసం పెట్టింది, అక్కడికి వచ్చే సంకేతాన్ని దాదాపు వంద రెట్లు పెంచుతుంది. ప్లేయర్ నుంచి వచ్చేదే 2 వోల్టులు. అంత పెంచితే వినిపించేది పాట కాదు, గరగర. ఎరుపు కుడికి, తెలుపు ఎడమకు, ఆంప్లిఫయర్‌లో సీడీ లేదా ఆక్స్ అని రాసి ఉన్న చోట పెట్టండి. ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల గుండ్రటి) సాకెట్లు ప్లేయర్‌కూ ఆంప్లిఫయర్‌కూ ఉంటే అవీ వాడొచ్చు. అయితే వాటిలో సాధారణంగా 4 వోల్టులు వస్తాయి, అంటే 6 డెసిబెల్స్ ఎక్కువ. శబ్దం పెరిగినందుకే ‘నాణ్యత పెరిగింది’ అనిపిస్తుంది. వాల్యూమ్ సమం చేశాకే రెండింటినీ పోల్చాలి.

ఇక అసలు విషయం. హైబ్రిడ్ (మామూలు సీడీ ప్లేయర్‌లోనూ పాడే) ఎస్‌ఏసీడీలో రెండు పొరలు ఉంటాయి. ఒకటి మామూలు సీడీ పొర, 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్. రెండోది డీఎస్‌డీ (ఎస్‌ఏసీడీ శబ్దాన్ని రాసే పద్ధతి) పొర, ఒకే బిట్టు, 2.8224 మెగాహెర్ట్జ్. ప్లేయర్ సెట్టింగు సీడీ మీద ఉంటే, ఖరీదు పెట్టి కొన్న డిస్కులోంచి నెలల తరబడి సీడీ పొరే వింటూ ఉండిపోతారు. డిస్కు ఆపి, రిమోట్‌లో పొర మార్చే బటన్ నొక్కి, డిస్‌ప్లేలో ఎస్‌ఏసీడీ అని పడిందో లేదో చూడండి. ఆ పొర మీద ఉన్నప్పుడు ఆప్టికల్, కోయాక్సియల్ అనే డిజిటల్ సాకెట్ల నుంచి శబ్దం రాదు. అది రిపేరు కాదు, కాపీ కాకుండా పెట్టిన కట్టడి. అనలాగ్ తీగలతోనో (పైన చెప్పిన ఎరుపు, తెలుపువి), ఉంటే హెచ్‌డీఎంఐతోనో వినాలి. ప్యూర్ డైరెక్ట్ బటన్ డిస్‌ప్లేతో పాటు చాలా మోడళ్లలో డిజిటల్ సాకెట్లనూ ఆపేస్తుంది. బయట డాక్ (డిజిటల్ సంకేతాన్ని అనలాగ్‌గా మార్చే పెట్టె) పెట్టుకున్నవాళ్లు ‘శబ్దం పోయింది’ అనుకునే ముందు ఆ బటన్ చూడాలి.

డిస్కును ఎప్పుడూ మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా కాదు. ట్రాకుకు అడ్డంగా పడిన సన్న గీతను ప్లేయర్ సరిదిద్దుకుంటుంది. ట్రాకు వెంబడి పడిన గీత వరసగా చాలా సమాచారాన్ని మింగేస్తుంది. సీడీలకైతే మెరిసే వైపు కంటే బొమ్మ ఉన్న వైపు గీతే ప్రమాదం: సమాచారమున్న పలచటి లోహపు పూత ఆ బొమ్మ కిందే ఉంటుంది. ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుని చూడండి, సూది బెజ్జాల్లా వెలుతురు కనిపిస్తే అక్కడ పూత పోయినట్టే.

పాట ఎగురుతుంటే ముందు నాలుగు డిస్కులు మార్చి చూడండి. ఒక్కటే ఎగిరితే తప్పు దానిది. అన్నీ ఎగిరితే లెన్స్ మీద దుమ్ము. మన ఎండాకాలంలో కిటికీలు తీసి కూలర్ వేసే గదుల్లో దుమ్మూ చెమ్మా కలిసి సన్నటి పొర కడతాయి. లేజర్ డిస్కును లోపలి నుంచి బయటికి చదువుతుంది కాబట్టి, చివరి పాటలే ఎగిరితే లేజర్ జరిగే పట్టాల మీది గ్రీజు ఎండిందేమో అనుమానించాలి. వానాకాలంలో ఏసీ కారులోంచి దించిన ప్లేయర్‌ను ఒకటి రెండు గంటలు ఆగి వాడండి, చల్లటి లెన్స్ మీద నీటి ఆవిరి పడుతుంది.

లెన్స్ తుడవాలంటే ప్లగ్గు పీకి, మూత విప్పండి. ఇయర్‌బడ్‌కు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది పిండేయండి, చుక్క కారకూడదు. లెన్స్ వెంట్రుకల్లాంటి తీగల మీద వేలాడుతుంటుంది. వేలు బరువు కూడా వేయకుండా ఒకటి రెండుసార్లు తిప్పితే చాలు. మందుల షాపు స్పిరిట్ వద్దు, ఆరాక మరక మిగులుతుంది. మూత తీసి ఉండగా కరెంటిచ్చి లోపలికి చూడకండి, సీడీ లేజర్ కంటికి కనబడదు.

మోటారు మోగుతున్నా ట్రే రాక, చేత్తో కాస్త సాయం చేస్తే వస్తుంటే రబ్బరు బెల్టు సాగింది. పాత బెల్టు వెంట తీసుకెళ్లండి, కానీ అది సాగి ఉంటుంది కాబట్టి దానికన్నా కొంచెం చిన్నదే అడగండి.