చారిత్రక గృహాన్ని కూల్చివేత నుంచి కాపాడే మార్గం

ఒక పాత ఇంటికి పురపాలక వారసత్వ గుర్తింపు (చారిత్రక కట్టడంగా పురపాలక సంస్థ ఇచ్చే అధికారిక హోదా) కోరదలచినవారు, దాని కూల్చివేతకు అనుమతి ఇప్పటికే జారీ అయిందో, ఇంకా దరఖాస్తు దశలోనే ఉందో ముందుగా తెలుసుకోవాలి. దరఖాస్తు దశలోనే ఉంటే, గుర్తింపుపై నిర్ణయం వెలువడే వరకు అనుమతి నిలిపివేయమని లిఖితపూర్వకంగా కోరాలి. ఆలస్యం ఎంత నష్టమో చెప్పడానికి న్యూయార్క్ చాలు: అక్కడి పెన్సిల్వేనియా రైల్వే స్టేషన్ కూల్చివేత 1963లో మొదలైంది, పరిరక్షణ చట్టం 1965లో వచ్చింది.

దరఖాస్తుకు బలం ఆధారాలే. పాత దస్తావేజులు, పన్ను రికార్డులు, పటాలు, ఛాయాచిత్రాలు పరిశీలించి, ఇంటిని ఎవరు, ఎప్పుడు, ఏ సామగ్రితో కట్టారో, తరువాత ఏయే భాగాలు మారాయో నిర్ధారించాలి. కేవలం వయసు సాధారణంగా సరిపోదు. నిర్మాణ శైలి, అక్కడ నివసించిన వ్యక్తుల ప్రాముఖ్యం, వీధి స్వరూపంలో ఆ ఇంటి స్థానం వంటి అధికారిక ప్రమాణాలలో దేనికి అది తగినదో ఆధారసహితంగా చూపాలి. మారిన భాగాలను దాచకండి, విచారణలో ఎదుటి పక్షం మొదట ఎత్తిచూపేది వాటినే.

యజమాని సమ్మతిస్తే పని సగం తేలికవుతుంది. అందుకే మరమ్మతు సహాయం, పన్ను రాయితీ, కొత్త వినియోగం వంటి అవకాశాలను ముందే ఆయనతో చర్చించడం మంచిది. కొన్నిచోట్ల గుర్తింపు కూల్చివేతను పూర్తిగా నిషేధించదు, కొంతకాలం వాయిదా మాత్రమే వేస్తుంది కాబట్టి నిబంధనల మూలపాఠాన్ని స్వయంగా చదవాలి.