పెద్దవాళ్ళకు ఆస్పత్రి కార్డు: జబ్బు రాకముందే చేయించండి

మా నాయనకు ఛాతీలో నొప్పి వచ్చిన రాత్రి నేను చేసిన మొదటి పని ఏమిటంటే, ఆస్పత్రి కౌంటర్లో అడిగిన డిపాజిట్ డబ్బు అప్పు తెచ్చి కట్టడం. కార్డు బీరువాలోనే ఉంది, టెన్షన్‌లో గుర్తుకే రాలేదు. మీరు అలా చేయకండి, అందుకే ఇదంతా రాస్తున్నాను.

మన దగ్గర పెద్దవాళ్ళకు పనికొచ్చేవి రెండు. ఒకటి మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానిది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు గానీ ఊళ్ళో ఎవరిని అడిగినా ఆరోగ్యశ్రీ అనే చెప్తారు. 2007లో మొదట మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి కాబట్టి ఆ పేరు నోటికి అలా అంటుకుపోయింది మరి. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపుంటే ఇది వర్తిస్తుంది, వయసుతో పని లేదు.

రెండోది కేంద్రానిది, ఆయుష్మాన్ వయ వందన కార్డు, 2024 అక్టోబరు 29న మొదలైంది. ఆధార్ ప్రకారం 70 నిండితే చాలు, పొలమెంత, కొడుకేం చేస్తున్నాడు అని అడగరు. ఏడాదికి 5 లక్షల వరకు ఆస్పత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి వస్తుంది. ఇంట్లో అవ్వా తాతా ఇద్దరికీ 70 దాటితే 5 లక్షలు ఇద్దరికీ కలిపే, తలా ఐదు కాదు. షుగరు, గుండెజబ్బు ముందునుంచే ఉన్నా మొదటిరోజు నుంచే వర్తిస్తుంది. 60 దాటి 70 నిండనివాళ్ళకు మాత్రం ఈ కార్డు రాదు, వాళ్ళు రాష్ట్ర పథకాన్నే చూసుకోవాలి.

వయ వందన కార్డు చేయించడానికి ఆధార్ చాలు. ఫోన్లో ఆయుష్మాన్ యాప్ పెట్టుకొని మీరే చేసుకోవచ్చు, చేతకాకపోతే సచివాలయంలోనో, ఏఎన్‌ఎమ్మునో అడగండి. చెప్పినంత తేలిక మాత్రం కాదు, చిక్కంతా ఆధార్ దగ్గరే. మా జేజి నలభై ఏళ్ళు శెనక్కాయలు పీకి, ఒలిచి, వేళ్ళ మీద గీతలు అరిగిపోయి మిషన్ మీద ఎన్నిసార్లు వేలు పెట్టినా పడలేదు. అప్పుడు ఓటీపీతో గానీ, కంటితో గానీ, ముఖం ఫోటోతో గానీ చేయమని అడగండి, ఆ దారులన్నీ ఉన్నాయి. ఓటీపీ రావాలంటే ఆధార్‌కు ఫోన్ నంబరు లింకై ఉండాలి, చాలామంది ముసలివాళ్ళకు ఎప్పుడో పారేసిన సిమ్ నంబరే ఉంటుంది, ముందు ఆధార్ సెంటర్‌కు పోయి అది మార్పించండి. ఇంకోటి, వయసు. అసలు వయసు 74 అయినా ఆధార్‌లో 66 అని రాయించుకున్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, సరిచేయించాలంటే కాగితాలు కావాలి, టైము పడుతుంది. అందుకే ఆధార్ ఈరోజే ఒకసారి తీసి చూడండి.

ఇక ఆస్పత్రి. ముందు ఆ ఆస్పత్రి పథకంలో ఉందా, ఉన్నా మీ జబ్బుకు అక్కడ చేస్తారా అని కనుక్కోండి, రాష్ట్రానిదైతే 104, ఆయుష్మాన్‌దైతే 14555కు ఫోన్ చేస్తే చెప్తారు. అనంతపురం వాళ్ళం ఏదైనా అయితే బెంగళూరుకు ఉరుకుతాం కదా, వయ వందన కార్డు అక్కడి ఆస్పత్రిలో చెల్లుతుందో లేదో ఫోన్ చేసి నిర్ధారించుకోకుండా రైలెక్కకండి. లోపలికి పోగానే బిల్లు కౌంటర్ దగ్గర కాదు, పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర ఆగండి. ఆపరేషన్‌కు అనుమతి కోసం కాగితాలు వాళ్ళ ద్వారానే పోతాయి. అనుమతి వచ్చాక డబ్బు అడిగితే దేనికో రాసివ్వమనండి, రాసివ్వమంటే చాలామంది అడగడం ఆపేస్తారు. నేను ఆ రాత్రి కట్టింది వెనక్కి రాబట్టుకోవడానికి తిరిగిన తిరుగుడు చెప్తే ఇంకో పేజీ అవుతుంది.

ఓపీ చూపించుకోవడం, నెలనెలా వాడే బీపీ, షుగరు మాత్రలు వయ వందన కార్డు కిందికి రావు. వాటికి పీహెచ్‌సీలో ఉచితంగా ఇచ్చే మందులు తెచ్చుకోవడమే.

కార్డు జిరాక్సు ఒకటి ఆధార్‌తో కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పెద్దాయన మంచం పక్కన మేకుకు తగిలించండి. మా ఇంట్లో ఇప్పుడు క్యాలెండర్ కింద వేలాడుతోంది.