పాత లిట్‌ఎలిమెంట్ కోడ్‌ను లిట్ 3కి మార్చడం ఎలా?

లిట్ అంటే వెబ్ కాంపొనెంట్లు (సొంత హెచ్‌టీఎంఎల్ ట్యాగులు) రాయడానికి వాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీ, లిట్‌ఎలిమెంట్ దాని పాత రూపం.

కావలసినవి: ఒక గిట్ బ్రాంచ్, టైప్‌స్క్రిప్ట్ 5, నిజమైన బ్రౌజర్‌లో నడిచే టెస్టులు. జేఎస్‌డామ్ (బ్రౌజర్‌ను అనుకరించే లైబ్రరీ) టెస్టులు వెబ్ కాంపొనెంట్లకు చాలవు. వెబ్ టెస్ట్ రన్నర్ పెట్టుకుని క్రోమ్‌లో నడపండి.

1. ముందు లిట్ 2, ఆ తర్వాతే 3

లిట్‌ఎలిమెంట్ 2 వేరు, లిట్ 2 వేరు. ఈ గందరగోళంలోనే చాలామంది నేరుగా 3కి దూకేస్తారు. పాత లిట్‌ఎలిమెంట్, లిట్‌హెచ్‌టీఎంఎల్ ప్యాకేజీలు రెండూ తీసేసి ‘లిట్’ ఒక్కటే 2వ వెర్షన్ పెట్టండి. ఇంపోర్టులు మార్చండి: డెకరేటర్లు (ప్రాపర్టీల ముందు @తో రాసే గుర్తులు), డైరెక్టివ్‌లు (టెంప్లేట్‌లో విలువ ఎలా రెండర్ కావాలో చూసేవి) ఇప్పుడు లిట్ ప్యాకేజీలోనే వేరే దారుల్లో ఉంటాయి. ‘ఇంటర్నల్‌ప్రాపర్టీ’ బదులు ‘స్టేట్’, ‘అప్‌డేటింగ్‌ఎలిమెంట్’ బదులు ‘రియాక్టివ్‌ఎలిమెంట్’. సొంతంగా రాసుకున్న డైరెక్టివ్‌లు ఫంక్షన్లయితే క్లాసులుగా తిరగరాయాలి. కన్సోల్‌లో హెచ్చరికలన్నీ పోయాక 3కి వెళ్లండి.

లిట్ 3 ఐఈ 11ను వదిలేసింది, ఈఎస్2021 కోడ్‌గా వస్తుంది. ఆ సింటాక్స్ వెబ్‌ప్యాక్ (ఫైళ్లన్నీ కలిపి కట్టే బండ్లర్) 4కి అర్థం కాదు, 5 తప్పనిసరి. ఐఈ 11 కోసమే పెట్టిన పాలీఫిల్స్ (పాత బ్రౌజర్లలో లేని సౌకర్యాలను నింపే కోడ్) తీసిపారేయండి. ఆ బ్రౌజర్‌కు మైక్రోసాఫ్టే 2022 జూన్‌లో స్వస్తి చెప్పింది.

2. క్లాస్ ఫీల్డులు: నెమ్మదిగా చదవండి

ఎలాగూ మారుస్తున్నాం కదా అని టీఎస్‌కాన్ఫిగ్‌లో (టైప్‌స్క్రిప్ట్ సెట్టింగుల ఫైలు) టార్గెట్‌ను ఈఎస్2022కి పెంచుతారు. దాంతో ‘యూజ్‌డిఫైన్‌ఫర్‌క్లాస్‌ఫీల్డ్స్’ అనే సెట్టింగ్ ఎవరూ అడగకుండానే ట్రూ అయిపోతుంది. ఒక్క కాంపొనెంట్ ఫైలునూ ముట్టుకోలేదు, అయినా కాంపొనెంట్లు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటాయి.

కారణం ఇదీ. లిట్ ప్రతి రియాక్టివ్ ప్రాపర్టీకి గెట్టర్, సెట్టర్‌లను క్లాస్ ప్రోటోటైప్ మీద పెడుతుంది. విలువ మారగానే మళ్లీ రెండర్ చేయమని అడిగేది ఆ సెట్టరే. సెట్టింగ్ ట్రూ అయితే మీరు రాసిన ఫీల్డ్ ఆబ్జెక్ట్ మీదే సొంత ప్రాపర్టీగా పుట్టి, ప్రోటోటైప్ మీదున్నదాన్ని కప్పేస్తుంది. ఇక ఏ విలువ ఇచ్చినా అక్కడే ఆగిపోతుంది, సెట్టర్‌ను ఎవరూ పిలవరు.

దొంగ ఎక్కడ దాక్కుంటాడంటే, మొదటి రెండర్ సరిగ్గానే వస్తుంది. స్క్రీన్‌షాట్ టెస్టులు పాసవుతాయి. రెండోసారి విలువ మార్చినప్పుడే పేజీ కదలదు. అందుకే ప్రతి కాంపొనెంట్‌కూ ఈ టెస్టు రాయండి: పేజీలో పెట్టి, రెండర్ పూర్తయిందని చెప్పే ‘అప్‌డేట్‌కంప్లీట్’ కోసం ఆగాలి, ప్రాపర్టీ మార్చి మళ్లీ ఆగాలి, అప్పుడు షాడోరూట్‌లో (కాంపొనెంట్ లోపలి డామ్) కొత్త విలువ ఉందో లేదో చూడాలి. ఆ రెండో ఆగడం లేని టెస్టు దండగ.

లిట్ డెవలప్‌మెంట్ బిల్డ్ ఈ తప్పును పట్టిస్తుంది, ప్రొడక్షన్ బిల్డ్ నోరెత్తదు. మామూలుగా దొరికేది ప్రొడక్షన్ బిల్డే కాబట్టి టెస్ట్ రన్నర్‌లో ‘డెవలప్‌మెంట్’ ఎక్స్‌పోర్ట్ కండిషన్ మీరే పెట్టాలి.

పరిష్కారం: ఆ సెట్టింగ్‌ను ఫాల్స్ అని స్పష్టంగా రాయండి. టార్గెట్ పాతదే కదా అని వదిలేయొద్దు, రేపు ఇంకెవరో పెంచుతారు. ఈఎస్‌బిల్డ్ అనే బండ్లర్‌ను నేరుగా వాడేవాళ్లకు ఇంకో మెలిక: టార్గెట్ అసలు రాయకపోయినా ట్రూగానే తీసుకుంటుంది. బేబెల్ (కొత్త కోడ్‌ను పాత జావాస్క్రిప్ట్‌గా మార్చే పనిముట్టు) అయితే టీఎస్‌కాన్ఫిగ్‌ను చదవనే చదవదు. అక్కడా, మామూలు జావాస్క్రిప్ట్‌లోనూ ప్రాపర్టీలను ‘స్టాటిక్ ప్రాపర్టీస్’లో ప్రకటించి, మొదటి విలువలను కన్‌స్ట్రక్టర్‌లో ఇవ్వండి.

‘యాక్సెసర్’ కీవర్డ్‌తో కొత్త ప్రామాణిక డెకరేటర్లు వాడితే ఈ బాధే ఉండదన్నది నిజమే. టైప్‌స్క్రిప్ట్ 5.2 నుంచి లిట్ 3తో అవి బాగా పనిచేస్తాయి. కానీ వెర్షన్ మార్పు, డెకరేటర్ మార్పు ఒకే పుల్ రిక్వెస్ట్‌లో పెట్టొద్దు. ఏది విరిగిందో వెతకడానికి వారం పడుతుంది.

3. విడుదల

‘ఎన్‌పీఎం ఎల్ఎస్ లిట్’ కొట్టి ఒకటే వెర్షన్ ఉందని చూసుకోండి, రెండు కనిపిస్తే డీడ్యూప్ చేయండి (ఒకటిగా కలపండి). ప్యాకేజ్ డాట్ జేసన్‌లో ‘సైడ్‌ఎఫెక్ట్స్’ ఫాల్స్ అని ఉంటే తీసేయండి: లేదంటే బండ్లర్ మీ ఎలిమెంట్ రిజిస్ట్రేషన్ ఫైళ్లను పనికిరానివనుకుని కత్తిరించేస్తుంది. వెర్షన్ నంబరు మేజర్‌గా పెంచి పబ్లిష్ చేయండి.