ఇంటి పైకప్పు సోలార్ ఎన్ని కిలోవాట్లు పెట్టించాలి?

ఎండాకాలం బిల్లు ఒక్కటే చూసి సైజు తేల్చకండి. ఏసీ నడిచే ఆ రెండు మూడు నెలల లెక్కతో పెట్టిస్తే మిగతా ఏడాదంతా అవసరానికి మించిన ప్యానెళ్లే. 12 నెలల బిల్లుల్లోని యూనిట్లు కూడి 12తో భాగించండి. మన వైపు ఎండకు 1 కిలోవాట్ రోజుకు సగటున 4 యూనిట్లు, అంటే నెలకు సుమారు 120 ఇస్తుంది. సగటు 300 యూనిట్లయితే 300ను 120తో భాగిస్తే 2.5.

దీన్ని 3కి పెంచాలా, 2కి తగ్గించాలా? స్లాబుల్లో పై యూనిట్లే ఖరీదు, సోలార్ ముందు కోసేది వాటినే. కాబట్టి కాస్త తక్కువ పెట్టినా నష్టం లేదు. త్వరలో ఏసీయో, ఎలక్ట్రిక్ స్కూటరో కొనేలా ఉంటేనే 3. కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్యఘర్ సబ్సిడీ కూడా 2 కిలోవాట్లకు రూ.60,000, 3కి రూ.78,000, ఆపైన ఎంత పెట్టినా అంతే.

కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా వాటర్ ట్యాంకు, మెట్లగది నీడ ఎక్కడ పడుతుందో సుద్దముక్కతో గీయండి. ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా ఆ వరుస మొత్తం ఉత్పత్తి తగ్గవచ్చు.

ఇంకొకటి: బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ (కరెంటు లైనుకు కలిపిన) సిస్టమ్, కరెంటు పోతే ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా పెట్టిన ఏర్పాటది. కోతలు ఎక్కువుంటే బ్యాటరీతో కలిపి పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్ అడగండి.