కొబ్బరి వాసన ఎక్కడిది? విస్కీ, రమ్ముల్ని ముక్కుతో పోల్చే పద్ధతి

కిందటి ఏప్రిల్‌లో మా అబ్బాయి బెంగళూరు నుంచి వస్తూ బోర్బన్ అనే అమెరికా విస్కీ సీసా ఒకటి తెచ్చాడు. డాబా మీద కొబ్బరి చిప్పలు ఎండుతున్నాయి. సాయంత్రం వరండాలో కూర్చుని, గ్లాసులో కాస్త పోసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎండుకొబ్బరి వాసన గుప్పుమంది. డాబా మీద నుంచి వస్తోందనుకున్నాను. లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకుని మళ్లీ చూశాను. గ్లాసులోంచే వస్తోంది.

నేను తణుకు వైపు ఒక చక్కెర మిల్లు డిస్టిలరీలో కెమిస్టుగా 26 ఏళ్లు చేశాను. స్పిరిట్ నాకు కొత్త కాదు. కానీ మా పనల్లా దాని వాసన తీసెయ్యడమే. మొలాసిస్, అంటే చక్కెర తీశాక మిగిలే మడ్డి, పులిశాక దాన్ని కాలమ్‌లనే పొడవాటి బట్టీ గొట్టాల్లో మళ్లీ మళ్లీ మరిగించి 96 శాతానికి తెస్తే, చెరకు వాసనా ఈస్ట్ వాసనా ఏదీ మిగలదు. శాంపిల్ గ్లాసులో ఏ కాస్త వాసన తగిలినా రిజిస్టర్‌లో ఎర్ర ఇంకుతో రాసేవాణ్ని. అంటే నా ముక్కు ఉద్యోగమంతా తప్పులు పట్టడమే. ఏ వాసన దేనిదో దానికి బాగా తెలుసు, ఇష్టపడటమే తెలీదు. ఆ కొబ్బరి వాసన తర్వాత ఏడాదిగా నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. చేయి తిరిగినవాళ్లకి ఇందులో కొత్తేమీ ఉండకపోవచ్చు. సోడా, థమ్సప్ పోయకుండా ఎప్పుడూ రుచి చూడనివాళ్ల కోసం ఇది.

ఆ కొబ్బరి ఓక్ చెక్కది. బోర్బన్‌ని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే నిలవ ఉంచాలని అమెరికాలో చట్టం. ఆ చెక్కలో ఓక్ లాక్టోన్ అనే పదార్థం ఉంటుంది, దాని వాసన అచ్చం కొబ్బరే. అమెరికన్ ఓక్‌లో అది ఎక్కువ. చెక్క కాలినప్పుడు వెనిల్లా వాసన, లవంగం వాసన కూడా బయటికొస్తాయి. ఇంగ్లీషు రివ్యూల్లో ఇదే వాసనకి ఏవేవో పేర్లుంటాయి. మనం ఎప్పుడూ చూడని అడవిపళ్లు, పువ్వులు. అవి చదివి మనకి తగల్లేదని టెన్షన్ పడక్కర్లేదు. కోనసీమ ఎండుకొబ్బరి, రావులపాలెం మార్కెట్ యార్డులో మగ్గిన కర్పూర అరటి, బెల్లం వండే పెనం అడుగున మాడిన పాకం, ఆత్రేయపురం తాండ్ర, దాలిలో పిడకల పొగ. ఇవి తెలిసిన ముక్కుకి ఇంకో పట్టిక అక్కర్లేదు.

ముందు గ్లాసు సంగతి. స్టీలు గ్లాసు వద్దు. వెడల్పు మూతి గ్లాసులోంచి వాసన పైకి వచ్చినట్టే వచ్చి చెదిరిపోతుంది. పొట్ట వెడల్పుగా, మూతి సన్నగా ఉన్న చిన్న గాజు గ్లాసులు నాలుగు కొనుక్కోండి. సబ్బుతో కడిగితే సబ్బు వాసనే ఉంటుంది, వేడినీళ్లతో కడిగి బోర్లించండి.

తర్వాత వేడి. మన దగ్గర చాలామందికి మందు ‘ఘాటు’ అనిపించడానికి సగం కారణం ఇదే. మే నెలలో గదిలో పెట్టిన సీసా 35 డిగ్రీలుంటుంది. ఆ వేడికి గ్లాసులో పోయగానే ముందు ఆల్కహాల్ ఆవిరి ముక్కుకి కొట్టి మిగతావన్నీ కప్పేస్తుంది. దీనికి ఐసు విరుగుడు కాదు. ఐసు వేస్తే ఘాటుతో పాటు వాసన కూడా పడుకుంటుంది. నేను సీసాని నీళ్ల కుండ పక్కన తడిగుడ్డ చుట్టి అరగంట ఉంచుతాను. ఫ్రిజ్ అయితే పది నిమిషాలు చాలు. పట్టుకుంటే చల్లగా తగలాలి, చెమర్చకూడదు.

నీళ్లు మాత్రం తప్పకుండా కావాలి. సముద్రం దగ్గర ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, చెరువు నీళ్లకి బ్లీచింగ్ వాసన. క్యాన్ నీళ్లే వాడండి. మన సీసాల మీద 42.8 శాతం ఆల్కహాల్ అని ఉంటుంది. గ్లాసులో 15 ఎం.ఎల్. పోసి ఒక టీస్పూను నీళ్లు, అంటే 5 ఎం.ఎల్. కలిపితే అది సుమారు 32 శాతానికి దిగుతుంది. అక్కడ నాలుక మండటం తగ్గి అసలు రుచి తెలుస్తుంది. అందుకని మొదట నీళ్లు లేకుండా వాసన చూసి, ఆ తర్వాత స్పూను నీళ్లు కలిపి మళ్లీ చూడండి. ఒక్కోసారి కలిపిన నిమిషానికి అంతకుముందు లేని పండు వాసన లేస్తుంది.

వాసన చూసేటప్పుడు ముక్కుని గ్లాసులో ముంచెయ్యకండి. గ్లాసుని కాస్త వంచి, అంచుకి పైన ముక్కు ఉంచి, నోరు కొద్దిగా తెరిచి మెల్లగా పీల్చండి. మొదటిసారి ఘాటే తెలుస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. మూడు గ్లాసులయ్యాక ముక్కు మొద్దుబారుతుంది. అప్పుడు మీ మోచేతి మడతలో వాసన చూసుకుని రెండు నిమిషాలు ఆగండి. ఇది ల్యాబ్‌లో మా సీనియర్ నేర్పిన చిట్కా, ఇప్పటికీ పనిచేస్తోంది. ఇక గుక్క. మొదటి గుక్క నోటిని అలవాటు చేయడానికే. రెండోది చిన్నగా తీసుకుని, పది లెక్కపెట్టేదాకా నాలుక మీదే అటూ ఇటూ తిప్పి మింగండి. మింగాక ముక్కుతో గాలి వదిలితే అసలు వాసన అప్పుడు తిరిగొస్తుంది. అది ఎంతసేపు నిలిచిందో చూసుకోండి.

ఒక సిట్టింగ్‌కి నాలుగు శాంపిళ్లు, మొత్తం 60 ఎం.ఎల్. దాన్ని దాటితే పోల్చడం అయిపోయి తాగడం మొదలవుతుంది. రాత్రి బండి తీసేవాళ్లూ, 21 ఏళ్లు నిండనివాళ్లూ ఈ బల్ల దగ్గర కూర్చోకూడదు.

పోల్చడంలో నేను పాటించే సూత్రం ల్యాబ్‌లోదే: ఒకసారి ఒక్క తేడా. ఏవో నాలుగు సీసాలు వరసగా పెట్టుకుంటే ఏదో ఒకటి బాగుందని తెలుస్తుంది గానీ ఎందుకు బాగుందో తెలియదు. జతలుగా పెట్టుకోండి.

మొదటి జత బోర్బన్, స్కాచ్. ఇక్కడ పీపా తేడా చూడాలి. బోర్బన్‌కి ప్రతిసారీ కొత్త పీపా కావాలి కాబట్టి వాడేసిన పీపాల్లో చాలావరకు స్కాట్లాండ్ వెళ్తాయి. అక్కడ విస్కీని ఓక్ పీపాలో కనీసం మూడేళ్లు ఉంచాలి. కొత్త కుండలో నీళ్లకి మట్టివాసన ఎక్కువ, వాడిన కుండలో తక్కువ. ఇదీ అంతే. బోర్బన్‌లో కొబ్బరి, వెనిల్లా ముందుకొస్తాయి, సగానికి పైగా మొక్కజొన్న కాబట్టి తీపి కూడా. స్కాచ్‌లో చెక్క వెనక్కి తగ్గి బార్లీ వాసన, తడిసి ఆరిన గడ్డి లాంటిది, వినిపిస్తుంది.

రెండో జత పొగ ఉన్నదీ లేనిదీ. స్కాట్లాండ్‌లోని ఐలా దీవి విస్కీలు చాలావాటికి మొలకెత్తిన బార్లీని పీట్ పొగలో ఆరబెడతారు. పీట్ అంటే బురదనేలల్లో వేల ఏళ్లుగా కుళ్లి గట్టిపడ్డ నాచూ గడ్డీ. లఫ్రాయిగ్, లాగవూలిన్, ఆర్డ్‌బెగ్ అక్కడివే. అంత ఖరీదు పెట్టక్కర్లేదనుకుంటే టీచర్స్‌లో కూడా కాస్త పొగ ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లు ఆసుపత్రి వాసన, టింక్చర్ వాసన అని గ్లాసు పక్కన పెడతారు. మా బావ కూడా అలాగే పెట్టాడు. “బావా, మీ ఇంట్లో దాలి గుర్తుందా?” అన్నాను. ఇంటి వెనక గుంటలో పిడకలు రాజేసి, మట్టికుండతో పాలు పెడితే మధ్యాహ్నం దాకా సన్నగా కాగేవి. మీగడ ఎర్రగా, దళసరిగా కట్టేది. ఆ మీగడని వేలితో తీసి నోట్లో పెట్టుకుంటే తీపి వెనకాల పొగ. బావ గ్లాసు మళ్లీ తీసుకుని చాలాసేపు వాసన చూశాడు. “అమ్మ పాలు కాచినట్టుందిరా” అన్నాడు. ఆ తర్వాత ఆ రాత్రి థమ్సప్ అడగలేదు.

మూడో జత నాకు అన్నిటికన్నా ఇష్టం: పన్నెండేళ్ల స్కాచ్ పక్కన ఇండియన్ సింగిల్ మాల్ట్, అంటే ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతోనే చేసిన విస్కీ. అమృత్ వాళ్లు బెంగళూరులో తయారుచేసిన మాల్ట్‌ని 2004లో గ్లాస్గోలో మొదటిసారి అమ్మకానికి పెట్టారు. గోవాలో పాల్ జాన్ ఉంది. ఇవి సాధారణంగా నాలుగైదేళ్లవే. అయినా పన్నెండేళ్ల దానికి తీసిపోవు. కారణం ఎండ. పీపాలోంచి ఏటా కొంత ఆవిరైపోతుంది, దాన్ని దేవతల వాటా అంటారు. స్కాట్లాండ్‌లో అది సుమారు 2 శాతం, బెంగళూరులో 10 శాతం దాటుతుంది. 200 లీటర్ల పీపాలో అక్కడ పన్నెండేళ్లకి 157 లీటర్లు మిగిలితే, ఇక్కడ అయిదేళ్లకే 118 లీటర్లకి పడిపోతుంది. పోయింది పోగా మిగిలింది చెక్క రసాన్ని గబగబా లాక్కుంటుంది. అందుకే లేబుల్ మీద ఏళ్లు చూసి రెండు దేశాల సీసాల్ని తూచకండి. అన్నట్టు, ఆ ఏళ్ల అంకె లోపల కలిపినవాటిలో అన్నిటికన్నా చిన్నదాని వయసు.

రమ్ము మన నేలకి దగ్గరిది. చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్‌తోనే చాలా రమ్ములు చేస్తారు. 1954లో వచ్చిన ఓల్డ్ మంక్‌ని నీళ్లు కలిపి, కోలా లేకుండా ఒక్కసారి చూడండి. పెనం అడుగున మాడిన పాకం, వెనిల్లా. దాని పక్కన జమైకా రమ్ము దొరికితే పెట్టండి. అక్కడ కొన్నిచోట్ల రోజుల తరబడి పులియనిచ్చి, రాగి బట్టీల్లో కాస్తారు. కాలమ్ ఊడ్చేసినట్టు బట్టీ వాసనని ఊడ్చెయ్యదు. మూత తీయగానే మగ్గిపోయిన అరటిపండు. అరటిపండులో ఉండే ఎస్టర్ రసాయనమే ఇందులోనూ ఉంటుంది. నేను ఎర్ర ఇంకుతో కొట్టేసిన వాసన అదే. మార్టినిక్‌లో మొలాసిస్ కాకుండా చెరకు రసంతోనే రమ్ము తీస్తారు, అందులో పచ్చి చెరకు వాసన ఉంటుందట. అది నాకింకా దొరకలేదు.

బ్రాందీ గురించి తక్కువే చెప్తాను. అసలు బ్రాందీ ద్రాక్షది. ఫ్రాన్సులో కోన్యాక్ సీసా మీద వి.ఎస్. అంటే పీపాలో కనీసం రెండేళ్లు, వి.ఎస్.ఓ.పి. అంటే నాలుగు, ఎక్స్.ఓ. అంటే 2018 నుంచి పదేళ్లు. మన దగ్గర చవకగా దొరికే బ్రాందీ, విస్కీల్లో చాలావాటికి ఆధారం మేం తీసినలాంటి మొలాసిస్ స్పిరిటే. వాటిని తీసిపారెయ్యను గానీ పోల్చడానికి కూర్చున్నప్పుడు వెనక లేబుల్ చదవండి. యానాం వెళ్లినప్పుడు పుదుచ్చేరి సరుకులో మనకి కనపడని సీసాలు కొన్ని కనిపిస్తాయి. ఇంటికి తెస్తే దారిలో కేసవుతుంది, అక్కడే రుచి చూసి రండి.

నాటుసారా మాత్రం ఈ బల్ల మీదికి రానివ్వకండి. విషమైన మిథనాల్ కలిసిందో లేదో వాసనతో గానీ మంటతో గానీ కనిపెట్టలేం. 26 ఏళ్లు అదే పనిచేసిన నా ముక్కు కూడా కనిపెట్టలేదు.

రంగు చూసి మోసపోకండి. స్కాచ్‌లో కూడా క్యారమెల్ రంగు కలపడానికి అనుమతి ఉంది. రమ్ములో పంచదార కలిపారేమో చూడాలంటే నాలుగు చుక్కలు అరచేతిలో వేసి రుద్దండి. ఆల్కహాల్ ఎగిరిపోయాక చేతులు జిగురుగా ఉంటే తీపి కలిపినట్టే. జిగురు లేకపోతే ఆ చేతుల్నే ముక్కుకి కప్పుకోండి. చెక్క, చెరకు వాసన శుభ్రంగా తెలుస్తుంది.

వేపుడు కారాలు పోల్చడం అయ్యాకే. నాలుక మండాక గ్లాసుల మధ్య తేడా ఏం తెలుస్తుంది? మధ్యలో పచ్చికొబ్బరి ముక్కో, ఉప్పు వెయ్యని మోరి జీడిపప్పో చాలు. అంతా అయ్యాక మాత్రం రమ్ముతో తాండ్ర ముక్క, పొగ విస్కీతో వేయించిన ఎండురొయ్యలు పెట్టి చూడండి.

ఇద్దరు ముగ్గురుంటే గ్లాసుల అడుగున నంబర్లు అంటించి, ఎందులో ఏముందో ఒక్కరికే తెలిసేలా పోయించండి. ఖరీదు తెలిస్తే ముక్కు దాని మాటే వింటుంది. ఎవరి పుస్తకంలో వాళ్లు రాసుకుని చివర్లో చదవండి.

సీసాని నిలబెట్టే ఉంచాలి. నేను ఒక మంచి మాల్ట్‌ని బీరువా అరలో పడుకోబెట్టి ఏడాదిపైన ఉంచాను. తీసేసరికి కార్కు పొడిపొడిగా రాలి లోపల పడింది. మల్లుగుడ్డతో వడగట్టినా ఆ తడి చెక్క వాసన పోలేదు. ఎండ తగలనివ్వకండి. సీసాలో వయసు పెరగదు కాబట్టి దాచినకొద్దీ మేలు అనుకోకండి. సగానికి దిగిన సీసాని ఆరేడు నెలల్లో అయిపోగొట్టండి.

ఆఖరి పని, నేను ఎప్పుడూ మానను. గ్లాసులు ఆ రాత్రి కడగకండి. ఆల్కహాలంతా ఎగిరిపోయి పొద్దుటికి అడుగున చెక్కా పాకమూ మాత్రమే మిగులుతాయి. మందు ముట్టని మా ఆవిడ మొన్న వంటింట్లో రమ్ము గ్లాసు తీసి వాసన చూసి, “ఇందులో పాకుండల పాకం ఎవరు పోశారండీ?” అని అడిగింది.