మాట్లాడుకునే తరగతి గది – 3వ పాఠం: ఒకే ప్రశ్న, రెండు ఓట్లు

కిందటి పాఠంలో ప్రశ్న తయారు చేయడం నేర్చుకున్నాం. పిల్లలు నిజంగా పొరబడే చోటు పట్టుకుని, ఆ పొరపాట్లనే తప్పు జవాబులుగా పెట్టాలని చెప్పుకున్నాం. ఈ వారం ఆ ప్రశ్నను క్లాసులో నడుపుదాం. గోడకున్న ఐఎఫ్‌పీ ప్యానెల్ (పెద్ద టచ్ తెర), మీ చేతిలో ఒక ఫోన్, పిల్లల చేతుల్లో ఒక్కో కాగితం కార్డు ఉంటే చాలు.

పిల్లలు ఒక ప్రశ్నకు ఓటేసి, తమలో తాము చర్చించుకుని, అదే ప్రశ్నకు మళ్లీ ఓటేయడం ఇందులోని పద్ధతి. దీన్ని హార్వర్డ్ యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టారు. ఆయన పాఠాలు విద్యార్థులకు నచ్చేవి, పరీక్షల్లో లెక్కలూ బాగానే చేసేవారు. కానీ న్యూటన్ నియమాల మీద మామూలు మాటల్లో ప్రశ్నలడిగితే చాలామంది తడబడ్డారు. సూత్రంలో అంకెలు వేయడం వచ్చింది, విషయం మాత్రం పట్టుబడలేదు. అలాంటి ఒక ప్రశ్నను ఎంత వివరించినా తలకెక్కకపోతే, మీలో మీరు మాట్లాడుకోండని వదిలేశారట. విద్యార్థులు కాసేపట్లోనే తేల్చుకున్నారు. ఇప్పుడే అర్థమైన పిల్లవాడికి తాను ఎక్కడ చిక్కుకున్నాడో ఇంకా గుర్తుంటుంది. ఏళ్ల తరబడి అదే పాఠం చెబుతున్న మనకు ఆ చిక్కు కనపడదు.

తొమ్మిదో తరగతి ప్రశ్న ఒకటి తీసుకుందాం.

బంతిని నిటారుగా పైకి విసిరారు. అది గరిష్ఠ ఎత్తుకు చేరిన క్షణంలో దాని మీద పనిచేసే బలం ఏది? (గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.)
ఏ) విసిరిన చేతి బలం, పైకి
బి) గురుత్వ బలం మాత్రమే, కిందికి
సి) ఆ రెండూ సమానంగా
డి) బలమేమీ ఉండదు

మొదటి ఓటు

చేతులెత్తండి అంటే ఏం జరుగుతుందో మనకు తెలుసు. క్లాస్ ఫస్ట్ వచ్చే అమ్మాయి చేయెత్తేదాకా ఆగి, మిగతావాళ్లు ఎత్తుతారు. అందుకే కార్డులు. ప్లికర్స్ అనే యాప్ కార్డులను వాళ్ల వెబ్‌సైట్ నుంచి ప్రింట్ తీసుకోవచ్చు. ప్రతి కార్డుకూ ఒక నంబరు ఉంటుంది, దాన్ని రోల్ నంబరుతో జత చేయండి. కార్డు నాలుగు అంచుల్లో చిన్న అక్షరాలుంటాయి, తన జవాబు అక్షరం పైకి వచ్చేలా పిల్లలు కార్డును తిప్పి పట్టుకుంటారు. ఫోన్ కెమెరాను బెంచీల మీదుగా మెల్లగా తిప్పితే ఎవరు ఏ జవాబిచ్చారో మీకు తెలుస్తుంది, పక్కవాడికి తెలియదు. వేళ్లు నల్లటి బొమ్మ మీదకు రాకూడదు. మెరిసే లామినేషన్ చేయిస్తే వెలుతురు పడి కెమెరా చదవలేదు, మందపాటి కాగితం మీద ప్రింట్ తీసుకోండి.

ఒక నిమిషం పూర్తి నిశ్శబ్దం. ప్రతి ఒక్కరూ సొంతంగా ఒక జవాబుకు కట్టుబడాలి. ఈ నిమిషాన్ని తగ్గించవద్దు. ముందే ఒక నిర్ణయానికి రాని పిల్లలకు తర్వాత వాదించడానికి ఏమీ ఉండదు.

ఇప్పుడు ఫోన్ చూసి మీరు నిర్ణయం తీసుకోవాలి. సరైన జవాబు ఇచ్చినవాళ్లు 30 శాతం కన్నా తక్కువుంటే చర్చ వద్దు, విషయాన్ని మరోలా చెప్పండి. 70 శాతం దాటితే క్లుప్తంగా వివరించి ముందుకు వెళ్లండి. మధ్యలో ఉంటే చర్చ పెట్టండి. అంటే 40 మంది క్లాసులో 12 నుంచి 28 మంది దాకా.

ఆ రెండు మూడు నిమిషాలు

ఈ పాఠంలో అసలు కష్టం ఇక్కడుంది. ప్యానెల్ మీద ఓట్ల గ్రాఫ్ చూపించకండి. ఎక్కువ మంది ఎటున్నారో తెలిస్తే మిగతావాళ్లూ అటే జరుగుతారు. సరైన జవాబు నోటితోనే కాదు, ముఖంలో కూడా కనిపించనివ్వకండి. “వేరే జవాబు పెట్టినవాళ్లను వెతుక్కోండి, మీది ఎందుకు సరైనదో ఒప్పించండి” అని మాత్రం చెప్పండి. మన క్లాసుల్లో అబ్బాయిలు ఒకవైపు, అమ్మాయిలు ఒకవైపు కూర్చుంటారు. కాబట్టి ముందు బెంచీవాళ్లు వెనక్కి తిరిగితే సులువు. గోల అవుతుంది, పక్క క్లాసు టీచర్‌కు ఒక మాట ముందే చెప్పి ఉంచండి.

బెంచీల మధ్య తిరుగుతూ వినండి.

“పైన ఆగింది కదరా, ఆగితే బలం లేనట్టేగా?”
“బలం లేకపోతే మరి కిందికెందుకొస్తది? అక్కడే ఉండిపోవాలి.”

వేగం సున్నా అయితే బలం కూడా సున్నా అనుకోవడమే ఇక్కడి పొరపాటు. దాన్ని ఒక తోటి పిల్లవాడు ఒక్క ప్రశ్నతో కదిలించాడు. ఆ మాటను అప్పటికప్పుడే నోటుపుస్తకంలో రాసుకోండి, వచ్చే ఏడాది పాఠానికి అంతకన్నా మంచి వివరణ దొరకదు.

తెలిసినవాడు చెబితే తెలియనివాడు ఎక్కించుకోవడమే కదా ఇది అని సందేహం రావచ్చు. కొలరాడో యూనివర్సిటీలో జన్యుశాస్త్రం క్లాసుల మీద చేసిన పరిశోధన 2009లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. గుంపులో ఎవరికీ సరైన జవాబు తెలియనప్పుడు కూడా చర్చ తర్వాత మెరుగుదల కనిపించింది. వాళ్లు చేసిన తెలివైన పని ఏమిటంటే, చర్చ అయ్యాక అదే విషయం మీద మరో ప్రశ్న ఇచ్చి ఎవరికి వారినే జవాబివ్వమనడం. మీరూ అలాగే చేయండి. రెండో ఓటు తీసుకుని, జవాబు మార్చుకున్న ఒకరిద్దరిని ఎందుకు మార్చుకున్నారో చెప్పమనండి, తర్వాత మీరు వివరించండి. ఆ వెంటనే “బంతి పైకి వెళ్తూ సగం దూరంలో ఉన్నప్పుడు ఏ బలం?” అని అడిగి, మాటల్లేకుండా మూడో ఓటు తీసుకోండి. ఎవరు నేర్చుకున్నారో, ఎవరు పక్కవాడి మాట అందుకున్నారో అక్కడ తేలుతుంది.

కరెంటు పోయినా, నెట్ రాకపోయినా ఆపవద్దు. ఛాతీకి దగ్గరగా వేళ్లు చూపించమనండి, లేదా నాలుగు రంగుల అట్టముక్కలు ఇవ్వండి. కెనడాలో నథానియెల్ లాస్రీ అనే ఫిజిక్స్ అధ్యాపకుడు ఓటింగ్ యంత్రాలున్న క్లాసునూ, మామూలు కార్డుల క్లాసునూ పోల్చి చూస్తే నేర్చుకోవడంలో తేడా కనిపించలేదు. ఆ వ్యాసం 2008లో వచ్చింది. ఫోన్ మీకిచ్చే లాభం ఎవరెక్కడున్నారో పేరుపేరునా నిల్వ ఉండటం. వెనక బెంచీలో నోరు విప్పని పిల్ల వరుసగా నాలుగు ప్రశ్నల్లో పొరబడితే ఈ పద్ధతిలో మీ కంటపడుతుంది. నాకైతే ఈ ఒక్క కారణం చాలు.

సిలబస్ ఏమవుతుందన్న టెన్షన్ సహజం. మొదట్లో పీరియడ్‌కు ఒకే ప్రశ్న పెట్టుకోండి, పావుగంటలో అయిపోతుంది.

ఈ వారం పని

మీరు చెప్పబోయే పాఠం నుంచి ఒక ప్రశ్న తీసుకుని రెండు ఓట్లూ నడపండి. రెండుసార్లూ ఏ జవాబుకు ఎంతమందో రాసిపెట్టండి. విన్న మాటల్లో రెండింటిని పిల్లల మాటల్లోనే రాయండి, సరిదిద్దకండి. చర్చ తర్వాత తప్పు జవాబుకే ఓట్లు పెరిగితే ఆ ప్రశ్నను పక్కన పెట్టి ఉంచండి. నాలుగో పాఠం దాని మీదే.