ప్రమాదకర సరుకు వాహనం నడపడానికి లైసెన్సుపై ఎండార్స్‌మెంటు: దరఖాస్తు విధానం

కర్నూలు శివారు గొందిపర్లలో తయారయ్యే క్లోరిన్, కాస్టిక్ సోడా, హైడ్రోక్లోరిక్ యాసిడ్ అయినా, 44వ నంబరు జాతీయ రహదారి మీద అనంతపురం మీదుగా సాగే పెట్రోలు, గ్యాసు ట్యాంకర్లైనా, కడప జిల్లా గనులకు చేరే పేలుడు పదార్థాలైనా, చట్టం వాటన్నిటినీ మనుషుల ప్రాణాలకు ప్రమాదకరమైన సరుకుగానే చూస్తుంది. అటువంటి సరుకున్న వాహనం నడపాలంటే హెవీ లైసెన్సు చేతిలో ఉన్నంత మాత్రాన చాలదు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 9వ నియమం ప్రకారం ఆ లైసెన్సుపై విడిగా ఎండార్స్‌మెంటు, అంటే ఆ సరుకు వాహనం నడపవచ్చన్న నమోదు, వేయించుకోవాలి. ట్యాంకరు పనిలో కొత్తగా చేరుతున్న డ్రైవర్లకూ, వారిని పెట్టుకునే లారీ యజమానులకూ ఆ ఎండార్స్‌మెంటు ఎలా పొందాలో చెప్పడమే ఈ వివరణ ఉద్దేశం.

ముందుగా ఎవరు అర్హులో చూద్దాం. దరఖాస్తుదారుకు రవాణా వాహనం నడిపే లైసెన్సు ఉండాలి. దానికి తోడు రాజ్యాంగం 8వ షెడ్యూలులోని ఏదో ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం వచ్చి ఉండాలి. ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. రవాణా లైసెన్సుకు ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధనను 2019లో కేంద్రం తొలగించింది కనుక ఇక చదువుతో పని లేదని అనుకుంటున్నారు. తొలగించింది ఆ తరగతి నిబంధనను మాత్రమే, 9వ నియమంలోని భాషల నిబంధన అలాగే ఉంది. అందుకు కారణమూ ఉంది. ట్యాంకరు వెనుక రాసే రసాయనం పేరూ, క్యాబినులో ఉండే అత్యవసర సూచనల కార్డూ ఎక్కువగా ఇంగ్లీషులోనే వస్తాయి, వాల్వు లీకైన నిమిషంలో వాటిని చదివి చెప్పడానికి రోడ్డు మీద మరొకరు ఉండరు.

అసలు మెట్టు శిక్షణ. రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన సంస్థలో మూడు రోజుల కోర్సు పూర్తిచేసి, ఉత్తీర్ణత ధ్రువపత్రం పొందాలి. రక్షణాత్మక డ్రైవింగు, మెరుగైన డ్రైవింగు నైపుణ్యాలు, సరుకు భద్రత అనేవి ఇందులోని ప్రధాన భాగాలు. మొదటి రెండూ అనుభవమున్న డ్రైవరుకు కొంతవరకు తెలిసినవే కావచ్చు, కానీ మూడోది అలా కాదు. ఐక్యరాజ్య సమితి వర్గీకరణ ప్రకారం సరుకు ఏ తరగతికి చెందుతుంది, వాహనం మీద రాసే హ్యాజ్‌కెమ్ అనే అత్యవసర కోడ్‌లోని అంకె, అక్షరాలు అగ్నిమాపక సిబ్బందికి ఏం చెబుతాయి, ట్రెమ్ కార్డును, అంటే పైన చెప్పిన అత్యవసర సూచనల కార్డును, ఎలా చదవాలి, ఒలికిన రసాయనాన్ని ఎలా కట్టడి చేయాలి, విషవాయువు లీకైతే ఏ రక్షణ పరికరం వాడాలి అన్నవి అందులో నేర్పుతారు. బావులను, నదులను, చెరువులను కలుషితం కాకుండా కాపాడటం కూడా పాఠ్యాంశంలో ఉంది. హంద్రీ, తుంగభద్ర కలిసే ఊరి పక్కనుంచి యాసిడ్ ట్యాంకరు నడిపేవారు ఆ పాఠాన్ని పరీక్ష కోసం చదివి వదిలేయకూడదు.

తరగతులకు హాజరు కాకుండానే సర్టిఫికెట్ ఇప్పిస్తామనే మధ్యవర్తులు ఆర్టీఏ ఆఫీసుల ముందు ఎప్పుడూ ఉంటారు. వారి మాట నమ్మి గుర్తింపు లేని సంస్థ కాగితంతో వెళితే దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది, డబ్బూ తిరిగి రాదు. ఆ కాగితం దొంగదని ప్రమాదం జరిగాక తేలితే యజమాని బీమా క్లెయిము కూడా చిక్కుల్లో పడుతుంది. కనుక డబ్బు కట్టకముందే ఆ సంస్థకు గుర్తింపు ఉందో లేదో రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిది.

శిక్షణ పూర్తయ్యాకే దరఖాస్తు చేయాలి, ఈ వరుస మారితే కుదరదు. 9వ నియమం మూల పాఠంలో తెల్లకాగితం మీద రాసి, లైసెన్సు, ధ్రువపత్రం జతచేసి, నివాసం ఉన్న పరిధిలోని లైసెన్సింగు అధికారికి ఇవ్వాలని ఉంది. ఇప్పుడు ఈ పని పరివాహన్ వెబ్‌సైటులోని సారథి పోర్టల్ ద్వారా సాగుతోంది. అందులో రాష్ట్రంగా ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకుని, డ్రైవింగు లైసెన్సు సేవల్లోకి వెళ్లి, లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ ఇస్తే మీ వివరాలు తెరమీదికి వస్తాయి. పేరు, చిరునామా, ఫోన్ నంబరు సరిగా ఉన్నాయో లేదో అక్కడే సరిచూసుకోవాలి. ఓటీపీ పాత నంబరుకు వెళ్లి దరఖాస్తు మధ్యలో నిలిచిపోవడం అందరికీ ఎదురయ్యే చిక్కే కనుక, నంబరు మారి ఉంటే ముందు దాన్ని మార్పించుకోండి. ఆ తరువాత సేవల జాబితాలో ప్రమాదకర సరుకు నడపడానికి ఎండార్స్‌మెంటు అన్న దాన్ని ఎంచుకుని, శిక్షణ ధ్రువపత్రాన్నీ, పోర్టల్ అడిగిన ఇతర పత్రాలనూ అప్‌లోడ్ చేసి, ఫీజు ఆన్‌లైన్‌లోనే చెల్లించి, రశీదు దాచుకోవాలి. స్లాటు అడిగితే తేదీ ఎంచుకుని ఆ రోజు అసలు పత్రాలతో కార్యాలయానికి వెళ్లాలి. నెట్ సెంటరులో చేయించుకునేవారు దరఖాస్తు నంబరును తమ ఫోనులో ఫొటో తీసుకోవడం మరిచిపోవద్దు.

లైసెన్సు మొదట మరో జిల్లాలో తీసుకున్నదైనా ఇబ్బంది లేదు. ఎండార్స్‌మెంటు వేసిన అధికారి ఆ విషయాన్ని మూల లైసెన్సింగు అధికారికి తెలియజేయాలని నియమమే చెబుతోంది.

గడువు విషయంలో ఓ మెలిక ఉంది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టానికి ముందు ప్రమాదకర సరుకు లైసెన్సు ఏడాదికి మాత్రమే చెల్లేది, రెన్యూవల్‌కు ఒక రోజు పునశ్చరణ తరగతి తప్పనిసరిగా ఉండేది. ఆ సవరణ గడువును మూడేళ్లకు పెంచి, రెన్యూవల్ షరతులను నిర్ణయించే పనిని కేంద్ర ప్రభుత్వానికి వదిలింది. ఇతర రవాణా లైసెన్సుకేమో అదే సవరణతో గడువు ఐదేళ్లయింది. అంటే ఒకే కార్డు మీద రెండు తేదీలు వేరువేరుగా ముగియవచ్చు. కార్డు ఇంకా చెల్లుతోంది కదా అన్న ధీమాతో, ప్రమాదకర సరుకుకు అనుమతి ముగిసిన సంగతి గమనించకుండా ట్యాంకరు తీసుకెళ్లి బ్రేకు ఇన్‌స్పెక్టరు తనిఖీలో దొరికిపోయే అవకాశం ఇక్కడే ఉంది.

2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, 7,500 కిలోల లోపు స్థూల బరువున్న రవాణా వాహనాన్ని తేలికపాటి వాహన లైసెన్సుతోనే నడపవచ్చని తీర్పు ఇచ్చింది. చిన్న వ్యానులో గ్యాసు సిలిండర్లు, యాసిడ్ క్యాన్లు తోలేవారు ఈ తీర్పు తమకూ వర్తిస్తుందని భావిస్తే అది తొందరపాటు. ప్రమాదకర సరుకు వాహనాలకున్న ప్రత్యేక అర్హతలు అలాగే కొనసాగుతాయని ఆ తీర్పులోనే స్పష్టంగా ఉంది.

డ్రైవరుకు ఎండార్స్‌మెంటు వచ్చినంత మాత్రాన వాహనానికి అనుమతి వచ్చినట్టు కాదు, ఈ రెండింటినీ కలిపి చూడటం వల్లనే ఎక్కువ తప్పులు జరుగుతున్నాయి. వాహనానికి రెండు పక్కలా, వెనుకా అత్యవసర సమాచార ఫలకం ఉండాలి. అందులో సరుకు సాంకేతిక నామం, అత్యవసర ఫోన్ నంబరు కనీసం 50 మిల్లీమీటర్ల ఎత్తు అక్షరాల్లో, ఐక్యరాజ్య సమితి తరగతి సంఖ్య కనీసం 100 మిల్లీమీటర్ల ఎత్తులో, తరగతి గుర్తు 250 మిల్లీమీటర్ల చదరానికి తగ్గకుండా ఉండాలి. పొగ గొట్టానికి, నిప్పురవ్వలు బయటికి రాకుండా ఆపే స్పార్క్ అరెస్టరు బిగించాలి. మధ్యస్థ, పెద్ద సరుకు వాహనాల్లో ఇటువంటి సరుకు తీసుకెళ్లేవాటికి 2022 సవరణతో వాహనం ఎక్కడుందో తెలిపే, ఏఐఎస్ 140 అనే ప్రమాణానికి తగిన ట్రాకింగు పరికరం కూడా వచ్చి చేరింది. పెట్రోలు, డీజిలు ట్యాంకరుకు పెట్రోలియం నియమావళి, 2002 కింద, పేలుడు పదార్థాల వ్యానుకు పేలుడు పదార్థాల నియమావళి, 2008 కింద పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతను చూసే కేంద్ర సంస్థ) లైసెన్సు విడిగా కావాలి. నాగపూరు కేంద్రంగా ఉన్న ఆ సంస్థ పనికీ ఆర్టీఏ పనికీ సంబంధం లేదు. కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లెలో 2021 మే 8న జిలెటిన్ స్టిక్స్ దించుతుండగా పేలుడు జరిగి దాదాపు పదిమంది చనిపోయారు. ఆ సరుకు తరలింపునకు ఇన్ని కాగితాలు ఎందుకని విసుక్కునేవారికి ఆ ఊరి పేరు చెబితే చాలు.

డ్రైవరుకు నేరుగా వర్తించే బాధ్యతలు మరికొన్ని ఉన్నాయి. సరుకు పంపేవారు దాని స్వభావం, ప్రమాదాలు, తీసుకోవలసిన జాగ్రత్తల గురించి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ కాగితం ప్రయాణమంతా క్యాబినులో, చేతికందేలా ఉండాలి. సరుకు మారితే ట్రెమ్ కార్డు కూడా మారాలి, నిన్నటి యాసిడ్ కార్డు ఇవాళ్టి కాస్టిక్ లోడుకు పనికిరాదు. ప్రమాదం జరిగితే దగ్గరి పోలీసు స్టేషనుకూ, వాహన యజమానికీ వెంటనే తెలపాలి. ఈ నిబంధనలు ఉల్లంఘిస్తే మోటారు వాహనాల చట్టంలోని 190వ సెక్షను కింద మొదటిసారి పది వేల రూపాయల జరిమానా గానీ, ఏడాది వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. రెండోసారికి జరిమానా ఇరవై వేలు, జైలు మూడేళ్ల వరకు పెరుగుతుంది.

రెన్యూవల్ కోసం గడువు చివరి వారం దాకా ఆగకండి. శిక్షణా సంస్థలో బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో మీ చేతిలో ఉండదు. కనీసం రెండు నెలల ముందే ఏ పత్రం అడుగుతారో కార్యాలయంలో కనుక్కుని, తరగతికి పేరు నమోదు చేసుకుని, ఆ తరువాత పోర్టల్‌లో రెన్యూవల్‌కు దరఖాస్తు పెట్టండి.